విన్నదే ప్రార్థన
(మా విచారణ ఉపదేశిగారి స్మారక ఉపన్యాసం)



ఈ సాయంత్రం మనం స్మరించుకుంటున్న మనిషి పూర్తి పేరు ఆహ్వానపత్రం మీద అచ్చు వేశారు. కానీ ఆ పేరుతో ఆయన్ని ఊళ్ళో పిలిచినవాళ్ళు లేరు. పిల్లలకూ పెద్దలకూ, గుడికి వచ్చేవాళ్ళకూ రానివాళ్ళకూ ఆయన ఉపదేశిగారే. నేనూ అలాగే అంటాను. గురువులు నెలకొకసారి మాత్రమే రాగలిగే పల్లెల్లో ఆదివారం ప్రార్థన నడిపించడం, పిల్లలకు పరలోక జపం, మంగళవార్త జపం నేర్పడం, జబ్బుపడ్డవాళ్ళ మంచం పక్కన కూర్చోవడం, అవసాన సమయంలో గురువులకు కబురు పంపడం ఉపదేశి పని. తెలుగునాట కతోలిక సంఘం ఇలాంటివాళ్ళ కాళ్ళమీద నడిచింది. వాళ్ళ పేర్లు శిలాఫలకాల మీద కనబడవు. అందుకే ఈ ఉపన్యాసానికి ధర్మనిధి ఏర్పాటు చేసిన ఆయన పిల్లలకు ముందుగా కృతజ్ఞతలు.

ముక్కూ మొహం తెలియనివాళ్ళకు మన విశ్వాసాన్ని ఎలా పంచాలన్నది నాకు ఇచ్చిన విషయం. దీనికి జవాబు నేను పుస్తకాల్లో చదవకముందే ఒక బస్టాండులో చూశాను. అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. నరసరావుపేట బస్టాండులో ఉపదేశిగారూ నేనూ మా ఊరి బస్సు కోసం కూర్చున్నాం. నా సంచిలో కరపత్రాలు ఉన్నాయి. కనబడినవాళ్ళందరికీ పంచెయ్యాలన్న ఉత్సాహం కూడా ఉంది. మా బల్ల చివర ఒక పెద్దావిడ కూర్చుంది. ఒళ్ళో ఎక్స్‌రే కవరు. దాన్ని రెండు చేతులతో పట్టుకుంది, ఎవరైనా లాక్కుపోతారేమో అన్నట్టు. నేను కరపత్రం తియ్యబోతుంటే ఉపదేశిగారు నా మణికట్టు మీద చెయ్యి వేసి ఆపారు. ఆవిడ వైపు కాస్త జరిగి, "ఎవరికమ్మా, ఒంట్లో బాగోలేదా?" అన్నారు.

అంతే. ఆ తరువాత ముప్పావుగంట ఆయన దాదాపు ఏమీ మాట్లాడలేదు. కొడుకు ట్రాక్టరు మీంచి పడ్డాడు. కాలు రెండు చోట్ల విరిగింది. ఆపరేషను కోసం పాడిగేదెను అమ్మేశారు. కోడలు పుట్టింట్లో ఉంది, ఇంకా కబురు చెయ్యలేదు. పొద్దున్నించీ తను ఏమీ తినలేదు. ఒకదాని వెనక ఒకటి చెప్పుకుంటూ పోయింది. గేదె దగ్గరికి వచ్చేసరికి గొంతు పూడుకుపోయింది. దాన్ని దూడగా ఉన్నప్పటి నుంచి పెంచిందట. కొన్నవాడు తాడు పట్టుకుని తీసుకుపోతుంటే అది వెనక్కి తిరిగి చూసిందట. ఈలోగా మా ఊరి బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను లేచి నిలబడ్డాను. ఆయన బస్సు వైపు చూడను కూడా లేదు.

చివరికి ఆయన అడిగిన మాట నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "అమ్మా, మీకు ఇష్టమైతేనే. మీ అబ్బాయి కోసం దేవుడితో ఒక మాట చెప్పుకోనా?"

ఆవిడ, "నేను కోటప్పకొండకు మొక్కుకున్నదాన్ని నాయనా. చెప్పుకో, నా బిడ్డ పేరు తలుచుకుంటే ఎవరు తలుచుకుంటేనేం" అంది.

ఉపదేశిగారు కళ్ళు మూసుకున్నారు. గొంతు పెంచలేదు. ఆ బల్ల మీద ఉన్న ముగ్గురికే వినబడేట్టు నాలుగు మాటలు చెప్పారు. తండ్రీ, ఈ అమ్మ కొడుకు కాలు మీ చేతుల్లో పెడుతున్నాం. ఆపరేషను చేసే డాక్టరుగారి చెయ్యి వణకకుండా చూడండి. ఈ అమ్మ కన్నబిడ్డలా పెంచిన గేదెను అమ్ముకుంది, ఆ దుఃఖం మీకు తెలుసు. పొద్దున్నించీ ఈమె పస్తు ఉంది, ఈమెకు సత్తువనివ్వండి. తరువాత సిలువ గుర్తు వేసుకుని కళ్ళు తెరిచారు.

ఆవిడ కన్నీళ్ళు తుడుచుకుంటూ, "గేదె సంగతి కూడా దేవుడికి చెప్పావా నాయనా!" అంది. కాసేపాగి తనే అడిగింది, "మీ దేవుడి పేరేంటి?" అని. అప్పుడు, అడిగాకే, ఉపదేశిగారు యేసుప్రభువు గురించి చెప్పారు. కొడుకు సిలువ మీద వేలాడుతుంటే కింద నిలబడి చూసిన తల్లి గురించి చెప్పారు. పట్టుమని పది మాటలు లేవు. ఆవిడ విన్నది. తన బస్సు వస్తే ఎక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ మేము ఆవిణ్ణి చూడలేదు.

ఆ బల్ల మీద నేను నేర్చుకున్నదే ఈ సాయంత్రం మీ ముందు పెట్టదలచుకున్న మాట. కొత్తమనిషికి మన విశ్వాసాన్ని పంచడంలో వినడం ఒక మెట్టు, ప్రార్థన ఇంకో మెట్టు అనుకుంటాం. కాదు. ఆ మనిషి నోట మనం విన్నదే ప్రార్థన కావాలి. ఆ మనిషి చెప్పుకున్న బాధ, ఆ మనిషి వాడిన మాటలతోనే, దేవుడి ముందుకు వెళ్ళాలి. వినకుండా చేసే ప్రార్థన, కళ్ళు మూసుకుని ఇచ్చే ప్రసంగమే అవుతుంది.

మన భాషలో ఒక మంచి మాట ఉంది, ఆలకించడం. ఆదివారం పూజలో విశ్వాసుల ప్రార్థన చదువుతుంటే, మా ప్రార్థన ఆలకించండని ప్రభువును వేడుకుంటాం. ఏళ్ళ తరబడి ఈ మాట అంటూనే ఉన్నాం. ఉపదేశిగారు ఒకసారి ప్రార్థనకూటంలో మమ్మల్ని అడిగారు: "దేవుణ్ణి ఆలకించమని అడుగుతున్నాం. ఈ వారం మనం ఎవర్ని ఆలకించాం?" ఎవరూ నోరు మెదపలేదు. విన్నపం అనే మాట విజ్ఞాపన నుంచి వచ్చిందని పండితులు చెబుతారు. అది నిజమే. అయినా విన్నపంలో 'విన్న' అన్న మాట చెవికి తగిలినప్పుడల్లా నాకు ఆ బస్టాండు బల్లే గుర్తొస్తుంది.

పవిత్ర గ్రంథంలో సమూయేలు మొదటి గ్రంథం హన్నా కథతోనే మొదలవుతుంది. బిడ్డల్లేని ఆ స్త్రీ షిలో మందిరంలో పెదవులు కదుపుతూ మౌనంగా ఏడుస్తోంది. గుమ్మం దగ్గర కూర్చున్న యాజకుడు ఏలీ ఆమెను చూసి, తాగి వచ్చిందనుకుని కసిరాడు. అంత అనుభవం ఉన్నవాడు కూడా కళ్ళతో చూసి తీర్పు చెప్పేశాడు. హన్నా తన గుండెలోని బాధ చెప్పుకున్నాక ఏలీ ఏంచేశాడు? వాదించలేదు, సమర్థించుకోలేదు. ఆమె అడిగినదాన్ని దేవుడు అనుగ్రహించాలని ఆశీర్వదించి, సమాధానంతో పొమ్మన్నాడు. ఆమె ముఖంలో విచారం పోయిందంటుంది గ్రంథం. గమనించండి, అప్పటికి బిడ్డ కలగలేదు. విచారం మాత్రం పోయింది. తన మొర ఒక మనిషి చెవినపడి, ఆ మనిషి నోట దేవుడికి చేరడమే అప్పటికి జరిగింది.

మన ప్రభువు పద్ధతీ ఇదే. ఎమ్మావు దారిలో ఇద్దరు శిష్యులు కుంగిపోయి నడుస్తుంటే, జరిగిందంతా ఎరిగినవాడే ఏమీ ఎరగనట్టు అడిగాడు. వాళ్ళ గోడంతా విన్నాకే లేఖనాలు విప్పి చెప్పాడు. యెరికో దారిలో గుడ్డివాడు బర్తిమయి కేకలు వేస్తే, వాడికి ఏం కావాలో ఊరందరికీ తెలుసు. అయినా ఏం చెయ్యమంటావని ప్రభువు అడిగాడు. ఎదుటివాడి అవసరం మనకు ముందే తెలుసు అనుకోకూడదని ఆ ప్రశ్న చెబుతోంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. బస్టాండులో అంత చూసి కూడా నేను వెంటనే నేర్చుకోలేదు. ఆ తరువాత రెండేళ్ళకు ఒక ఆసుపత్రి వార్డులో రోగులను పలకరించడానికి వెళ్ళాను. ఒక మంచం దగ్గర ఆగి, ఆ మనిషిని ఏమీ అడగకుండానే తలమీద చెయ్యి పెట్టి, గట్టిగా, పాపక్షమాపణ గురించీ రక్షణ గురించీ పదినిమిషాలు ప్రార్థించాను. పక్క మంచాలవాళ్ళు కూడా వినాలన్న కోరిక నా గొంతులో ఉంది. ముగించి కళ్ళు తెరిస్తే, ఆయన ఎండిపోయిన పెదాలతో మెల్లగా అన్నాడు: "అయ్యా, ఆ చెంబు కొంచెం అందిస్తారా? ఇందాకటి నుంచీ దాహంగా ఉంది."

సిలువ మీద ప్రభువు పలికిన మాటల్లో "దాహంగా ఉంది" అన్నది ఒకటి. మదర్ తెరెసా స్థాపించిన మిషనరీస్ ఆఫ్ చారిటీ కన్యస్త్రీల ప్రార్థనాలయాల్లో సిలువ పక్కన ఆ మాటే రాసి ఉంటుంది. ఆ రోజు ప్రభువు నా ఎదుటే దాహంగా పడుకుని ఉంటే, ఆయన పేరే పలుకుతూ ఆయన్ని పదినిమిషాలు ఆగమన్నాను. నేను చేసినదాన్ని ప్రార్థన అనడానికి ఈ రోజుకీ నాకు నోరు రాదు.

వినడం అంత తేలిక కాదు కాబట్టే దానికి కట్టుబాట్లు కావాలి. ఇక్కడ మరియ సేన (లీజియన్ ఆఫ్ మేరీ) సభ్యులు చాలామంది ఉన్నారు. మీ సంస్థ పుట్టుక ఒకసారి గుర్తు చేసుకోండి. 1921 సెప్టెంబరు 7న ఐర్లండు రాజధాని డబ్లిన్‌లో, ఫ్రాన్సిస్ వీధిలోని మైరా హౌస్‌లో చిన్న బృందం సమావేశమైంది. వాళ్ళలో ఎక్కువమంది యువతులు. వాళ్ళ మధ్య ఉన్న ఫ్రాంక్ డఫ్ గురువు కాదు, సన్యాసి కాదు, ప్రభుత్వ ఉద్యోగి. వాళ్ళు ఎత్తుకున్న మొదటి పని ఉపన్యాసాలు కాదు. ఇద్దరిద్దరుగా పేదల ఆసుపత్రికి వెళ్ళి రోగుల పక్కన కూర్చోవడం. మరుసటి ఏడే, వీధుల్లో బతుకు అమ్ముకుంటున్న స్త్రీల దగ్గరికి వెళ్ళారు. మంచివాళ్ళు అటు తొంగిచూడటానికే జంకే రోజులవి. ఆ స్త్రీల కోసం 1922లోనే శాంక్తా మరియా అన్న ఆశ్రయగృహం తెరిచారు. ఫ్రాంక్ డఫ్ 1965లో రెండవ వాటికన్ మహాసభకు గృహస్థ పరిశీలకుడిగా ఆహ్వానం అందుకున్నాడు. 1980 నవంబరు 7న కన్నుమూశాడు.

ఆ సంస్థ కట్టుబాట్లలో మూడింటిని నేను ఉపదేశిగారిలో చూశాను. ఒకటి, ఇద్దరిద్దరుగా వెళ్ళడం. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు లోపల జపించవచ్చు. ఒకరు తొందరపడితే ఇంకొకరు మణికట్టు పట్టుకుని ఆపవచ్చు. రెండు, విన్నదాన్ని బయటపెట్టకపోవడం. పాపసంకీర్తనంలో విన్న రహస్యాన్ని గురువు ప్రాణం పోయినా చెప్పరు. మనం గురువులం కాము, మనం వినేది పాపసంకీర్తనం కాదు. కానీ నమ్మి చెప్పుకున్న మాటను రచ్చబండ మీద పెట్టినవాడికి మళ్ళీ ఎవరు చెప్పుకుంటారు? మూడోది అన్నిటికన్నా ముఖ్యం. మరియ సేన సభ్యులు తమ సందర్శనల్లో డబ్బూ సరుకులూ ఇవ్వకూడదు. పేదలకు సాయం చెయ్యడానికి తిరుసభలో వేరే సంఘాలున్నాయి, వాళ్ళకు చెప్పవచ్చు. కానీ వినడానికి వెళ్ళినవాడి చేతిలో సంచి ఉండకూడదు. సంచి చూస్తే ఎదుటివాడు తన మనసులోది చెప్పడు, మనకు నచ్చేది చెబుతాడు.

ఈ నియమం మన దేశంలో ఇంకా ఎక్కువ అవసరం. మన రాజ్యాంగం 25వ అధికరణ ప్రతి మనిషికీ అంతరాత్మ స్వేచ్ఛను, తన మతాన్ని అవలంబించి, ఆచరించి, ప్రచారం చేసుకునే హక్కును ఇచ్చింది. ఆ ప్రచార హక్కులో ఇంకొకరిని మతం మార్చే హక్కు లేదని 1977లో సుప్రీంకోర్టు స్టెయినిస్లాస్ కేసులో చెప్పింది. ఈ తీర్పు మీద మనవాళ్ళలో చాలా చర్చ జరిగింది. నేను ఆ చర్చలోకి వెళ్ళను. ఒక్క విషయం మాత్రం చెబుతాను. మనసు మార్చేది మనం కాదని మన విశ్వాసమే చెబుతోంది. అది పవిత్రాత్మ పని. 1965 డిసెంబరు 7న వెలువడిన మత స్వేచ్ఛ ప్రకటనలో రెండవ వాటికన్ మహాసభ, విశ్వాసవ్యాప్తిలో బలవంతానికీ, తగని మార్గాల్లో ఒప్పించడానికీ చోటు లేదంది. పేదల దగ్గరా చదువులేనివాళ్ళ దగ్గరా మరింత జాగ్రత్తగా ఉండమంది. కోర్టు చెప్పకముందే మన తిరుసభ మనకు గీసిన గీత ఇది. "మీకు ఇష్టమైతేనే" అని ఉపదేశిగారు బస్టాండులో అన్నది మర్యాద కోసం కాదు. అది విశ్వాససత్యం.

2013 నవంబరు 24న పోపు ఫ్రాన్సిస్ విడుదల చేసిన 'ఎవాంజెలీ గౌదియుమ్' లేఖను చదువుతూ 127, 128 పేరాల దగ్గర నేను ఆగిపోయాను. ప్రతి విశ్వాసీ రోజూ తనకు ఎదురుపడే మనుషులకు, తెలిసినవాళ్ళకైనా తెలియనివాళ్ళకైనా, వీధిలోనో సంతలోనో ప్రయాణంలోనో సువార్త అందించాలంటారు ఆయన. దానికి క్రమం కూడా చెబుతారు. ముందు ఎదుటి మనిషి తన సంతోషాలనూ ఆశలనూ దిగుళ్ళనూ చెప్పుకోవాలి. ఆ తరువాతే దేవుని ప్రేమ మాట. సమయం, సందర్భం అనుకూలిస్తే చివర చిన్న ప్రార్థన. ఆ ప్రార్థన ఆ మనిషి చెప్పుకున్న సంగతుల గురించే ఉండాలి, అప్పుడే తన మాట విన్నారని, తన బాధ దేవుడి ముందుకు వెళ్ళిందని ఆ మనిషికి తెలుస్తుంది. ఉపదేశిగారికి ఇంగ్లీషు రాదు. ఈ లేఖ వెలువడేనాటికి ఆయన సమాధిలో ఉన్నారు. కానీ పోపుగారు రాసిందీ ఆయన చేసిందీ ఒకటే.

"ఈ రోజుల్లో కొత్తవాళ్ళ దగ్గరికి వెళ్ళడమే కష్టం, అనుమానంగా చూస్తారు" అని కొందరు అంటున్నారు. వెళ్ళనక్కర్లేదు. వాళ్ళే మన దగ్గరికి వస్తున్నారు. 1924లో ఆర్లాటి గురువులు మరియమాత స్వరూపం ప్రతిష్ఠించిన గుణదల కొండకు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో ఎంతమంది వస్తారో మీకు తెలుసు. తలనీలాలు ఇచ్చి, కొబ్బరికాయలు కొట్టి, మేరీమాతకు మొక్కు తీర్చుకునేవాళ్ళలో జ్ఞానస్నానం పొందనివాళ్ళు లెక్కలేనంతమంది. పెదావుటపల్లిలో 1945 జనవరి 15న కన్నుమూసిన బ్రదర్ జోసఫ్ తంబి సమాధి దగ్గరికీ అన్ని మతాలవాళ్ళూ వస్తారు. బిచ్చమెత్తి తెచ్చుకున్నది పేదలతో పంచుకుని బతికిన మనిషి ఆయన. తమ గోడు ఆయన వింటారని జనం నమ్మకం. వాళ్ళంతా ఏదో ఒక బాధ మూటగట్టుకుని వస్తున్నారు. స్వరూపం ముందు రెండు నిమిషాలు నిలబడి, వెనకవాళ్ళు నెడుతుంటే కదిలి వెళ్ళిపోతున్నారు. మెట్ల పక్కన కూర్చుని "ఎందుకొచ్చావమ్మా?" అని అడిగే మనిషి ఒక్కరు ఉంటే? మైకులు పెట్టాం, పందిళ్ళు వేశాం, నీళ్ళ ఏర్పాటు చేశాం. వినేవాళ్ళ ఏర్పాటు కూడా చెయ్యాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ప్రార్థన చేస్తే కాలు బాగైపోతుందని ఉపదేశిగారు ఆ తల్లికి మాట ఇవ్వలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళొద్దనలేదు. డాక్టరు చెయ్యి కోసమే ప్రార్థించారు. స్వస్థత ఇచ్చేది దేవుడు. దేవుడి తరఫున మాట ఇచ్చే అధికారం మనకు లేదు. కష్టంలో ఉన్నవాళ్ళ ఆశతో వ్యాపారం చెయ్యడం మహాపాపం.

ఉపదేశిగారు పోయాక ఆయన జపపుస్తకంలో ఒక నోటుబుక్కు దొరికింది. వాళ్ళ అబ్బాయి దాన్ని నాకు చూపించాడు. రోజూ జపమాల చెప్పేటప్పుడు తలుచుకోవలసినవాళ్ళ పట్టిక అది. పేర్లు నేను చెప్పను, అవి ఆయనకు నమ్మి చెప్పినవి. పేరు పక్కన ఒకటో రెండో మాటలున్నాయి. కూతురి పెళ్ళి ఆగింది. పంట కాలిపోయింది. భర్త తాగుడు. ఒక చోట, కాలు విరిగింది, గేదె అమ్మేశారు. ఆ బస్టాండు రోజుకూ ఆయన మరణానికీ మధ్య పదిహేడేళ్ళు. అన్నేళ్ళూ ఆ తల్లికి తెలియకుండానే ఆమె కొడుకు కోసం ఒక గొంతు మంగళవార్త జపం చెబుతూనే ఉంది. ఎంతమందికి జ్ఞానస్నానం ఇప్పించారన్న లెక్క మాత్రం ఆ పుస్తకంలో ఎక్కడా లేదు.

ఆయన స్మృతికి మనం చెయ్యగలిగేది ఒకటుంది, చాలా చిన్నది. ఈ వారంలో ఒక గంట, ఇద్దరిద్దరుగా, చేతిలో కాగితం లేకుండా, సంచి లేకుండా, బస్టాండులోనో ఆసుపత్రి వరండాలోనో ఒక మనిషి పక్కన కూర్చోండి. అడగండి, వినండి. వాళ్ళు సరేనంటే, విన్న మాటలతోనే నాలుగు వాక్యాల ప్రార్థన చెయ్యండి. వద్దంటే నమస్కారం పెట్టి లేవండి, ఇంటికి వచ్చి మౌనంగా చెయ్యండి. మన గురించి అడిగితే దాచకుండా చెప్పండి, విశ్వాసం సిగ్గుపడవలసిన విషయం కాదు. వచ్చే ఆదివారం పూజలో మా ప్రార్థన ఆలకించండని అందరం అన్నప్పుడు, మీ చెవులతో మీరు విన్న ఒక కొత్తమనిషి బాధ మీ మనసులో ఉండాలి. అప్పుడే ఆ మాట అడిగే అర్హత మనకు వస్తుంది.